వాన బొంద

మా అత్తగారి పల్లెలో ఎప్పుడూ ఒక బొంద తవ్వి సిద్ధంగా ఉండేది, ఎవరూ చావకముందే. ఈ మాట ఇప్పటి పిల్లలకు చెబితే నా నుదుటి మీద చెయ్యిపెట్టి జ్వరమేమోనని చూస్తారు. తనకల్లుకు అవతల, గుట్టల మధ్య ఉన్న ఆ పల్లెలో నేల అలాంటిది. పైన జానెడు ఎర్రమట్టి, కింద అంతా గరుసు. ఎండాకాలంలో గడ్డపార వేస్తే టంగుమని ఎగిరి భుజం దాకా వణుకు పుట్టేది. నలుగురు మగవాళ్ళు పొద్దంతా తవ్వినా మోకాలి లోతు దిగేది కాదు. అందాకా శవాన్ని ఆ ఎండలో ఎక్కడ ఉంచుతారు? అందుకని తొలి వాన పడి నేల నానిన రోజే మగవాళ్ళంతా సమాధుల దగ్గరికి పోయి, గుండెల లోతున ఒక బొంద తవ్వి పెట్టేవాళ్ళు. తల పడమరకు, కాళ్ళు తూర్పుకు వచ్చేలా తవ్వేవాళ్ళు. చివరి రోజున లేచి కూర్చుంటే ఎదురుగా పొద్దు కనపడాలట. మేకలు పడకుండా పైన తుమ్మకంప కప్పేవాళ్ళు. దానికి వాన బొంద అని పేరు. తర్వాత ముందుగా ఎవరు కన్నుమూస్తే అది వాళ్ళది.

నేను కణేకల్ వైపు పిల్లను. చెరువు కింద మడి, గట్టు మీద గడ్డి, ఎప్పుడూ కాళ్ళకు తడి. యాభైల మొదట్లో, పంతొమ్మిదేళ్ళకు పెళ్ళయి ఈ పల్లెకు వచ్చాను. వచ్చిన మూడోరోజు కట్టెలకు పోయి, ఆ కంప చూసి, ధాన్యం దాచుకునే పాతర అనుకుని "లోపల ఏముండాది, కొర్రలా?" అని అడిగాను. పక్కనున్న ఆడవాళ్ళు కొంగు నోట్లో కుక్కుకున్నారు. ఇంటికొచ్చాక అత్త విషయం చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"థూ! బతికినోళ్ళకు తాగేదానికి బావి ల్యాకపాయె, సచ్చేటోళ్ళకు మాత్రం బొంద తయారా?" అన్నాను.

కొత్త కోడలు అలా అంటే ఇంకో అత్త అయితే చెంప పగలగొట్టేది. ఆమె నింపాదిగా చాటలోని సజ్జలు చెరుగుతూనే ఉంది. "బావి గూడా తవ్వినారమ్మీ, మూడు చోట్ల. నీళ్ళు పడలేదు. బొందకి నీళ్ళతో పనిల్యా గదా" అంది.

మా అత్త ఆ పల్లెలో మొదట బాప్తిస్మం తీసుకున్న ఇంటి ఆడబిడ్డ. అక్షరం రాదు, కీర్తనలన్నీ నోటికి వచ్చు. చిన్నప్పుడు మిషన్ బంగళాలో దొరసాని దగ్గర కుట్టు నేర్చుకుంది. ఆమె మాటల్లో నాకు గిట్టనిది ఒకటే, ఆ "పై యేడు". పై యేడు వాన పడతాది. పై యేడు కప్పు మీద బోదగడ్డి మారుస్తాం. ప్రార్థనలో కూడా దేవుడికి పై యేటి సంగతులే చెప్పేది. ఈ ముసలమ్మ నోట్లో ఈ యేడు అనే మాటే లేదేమిరా దేవుడా అని నేను పొయ్యి దగ్గర గొణుక్కునేదాన్ని.

నేను వెళ్ళిన ఏడు ఎవరూ చనిపోలేదు. మరుసటి ఏడు వాన పడలేదు. అంటే పాత బొంద అలాగే నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఖాళీ బొందను ఊరికే పూడ్చకూడదని పల్లెలో గట్టి నమ్మకం. పూడిస్తే అది ఇంటికొకరిని అడుగుతుందని అనేవాళ్ళు. నెలకోసారి సైకిల్ మీద వచ్చే పాస్టరుగారు ఇదంతా అవిశ్వాసమని కసిరి, పూడ్చేయండి అని చెప్పిపోయారు. అందరూ "సరే అయ్యా" అన్నారు. ఒక్కరు కూడా పార పట్టలేదు.

పడమటి గాలి మొదలైంది. ఆ గాలి కంప మీదుగా బొందలోకి దూరితే ఒక చప్పుడు వచ్చేది. మనిషి మాట్లాడబోయే ముందు గొంతు సవరించుకున్నట్టు ఉండేది. సాయంత్రం సరిగ్గా కప్పిన కంప పొద్దునకు పక్కకు జరిగి ఉండేది. మేకలు అన్నారు కొందరు. ఆ కరువులో మాకు మేకలెక్కడివి, అన్నీ ఎప్పుడో సంతకు పోయాయి. గాలి అన్నారు ఇంకొందరు. గాలి జరిపితే కంప చెదిరిపోవాలి. ఇది చాప చుట్టినట్టు ఒక పక్కకే ఒదిగి ఉండేది. రెండేళ్ళు ఆగింది, ఇంక ఆగదు అని పల్లె అంతా లెక్కలు వేయడం మొదలుపెట్టింది. చూపులన్నీ మా అత్త మీద పడ్డాయి, అందరికంటే ముసలిది ఆమే కాబట్టి. ఆమె నవ్వేసింది. "నాదే లేండప్పా, యాడికి పోతాది?" అంది.

ఆ ఎండాకాలంలోనే నా బిడ్డకు జబ్బు చేసింది. ఎనిమిది నెలల ఆడపిల్ల, నా తొలిచూలు. బేదులు పట్టుకున్నాయి. బండి కట్టుకుని పోయి ఆస్పత్రిలో చూపించాం. మందిచ్చారు, నీళ్ళు కాచి తాపమన్నారు. నాలుగు రోజులు తగ్గింది, మళ్ళీ తిరగబెట్టింది. మాడు గుంట పడింది. ఏడుపు కూడా పిల్లికూన మూలిగినట్టు అయిపోయింది. నా మొగుడు తుంగభద్ర పక్క కాలువ పనికి పోయి ఉన్నాడు. ఇంట్లో నేను, అత్త, బిడ్డ. పల్లెలో చూపులు అత్త మీద నుంచి నా ఒడిలోకి మారడం నాకు తెలిసింది. ఆడవాళ్ళు వచ్చి గడపలో నిలబడి, బిడ్డను చూసి, వెంటనే బయటికి, సమాధుల వైపు చూసేవాళ్ళు. తాము చూస్తున్నామని వాళ్ళకే తెలిసేది కాదేమో. నాకు మాత్రం ఒక్కొక్కరినీ జుట్టు పట్టి ఈడ్చాలనిపించేది.

ఒక మధ్యాహ్నం ఉయ్యాల తాడు పట్టుకుని కునికిపాట్లు పడుతున్నాను. కళ్ళు తెరిచేసరికి అత్త ఉయ్యాల మీదికి వంగి ఉంది. చేతిలో తెల్ల నూలుపోగు. ఒక కొన బిడ్డ మెడ దగ్గర పెట్టి, రెండో కొన మడమ దాకా లాగి, అక్కడ ముడి వేసింది. తర్వాత భుజం నుంచి భుజానికి. మళ్ళీ ముడి.

మా పుట్టింటి వైపు శవాన్ని అలాగే కొలుస్తారు, పెట్టె చేయించడానికి.

"ఏం చేస్తాండావు?" అని అరిచాను. బిడ్డ ఉలిక్కిపడింది. అత్త నూలు చుట్టి బొడ్డున దోపుకుంది. గంపలో ఏదో పెట్టి, మీద గుడ్డ కప్పి, నెత్తిన పెట్టుకుని మండుటెండలో బయలుదేరింది.

"యాడికి పోతాండావత్తా?"

"ప్రార్థనకి" అంది.

గుడి ఊరికి తూర్పున ఉంది. ఆమె పడమటి దారి పట్టింది.

ఆ రోజు నుంచి ప్రతి మధ్యాహ్నం ఇదే వరస. అడిగితే అదే జవాబు. నాలుగో రోజు ఎదురింటి వదిన వచ్చి నా చెవిలో చెప్పింది. "మీ అత్త బొంద కాడికి పోతాంది. పోయి లోపలికి దిగుతాది. నేను నా కండ్లతో చూసినా. లోపల్నుంచి మాటలు గూడా వినబడతాయి. నువ్వు బిడ్డను జాగర్త చూసుకో."

మాటలా? ఎవరితో? ముసలావిడ తన వంతు తప్పించుకోవడానికి నా బిడ్డ కొలత ఆ బొందకు చూపిస్తోందని నా బుద్ధికి తోచింది. ఇప్పుడు సిగ్గేస్తుంది గానీ, ఆ క్షణంలో నాకు వేరే ఆలోచన రాలేదు. బిడ్డను చంకన వేసుకుని ఆమె వెనకాల బయలుదేరాను.

ఆ ఎండ నాకు ఇప్పటికీ కళ్ళల్లో ఉంది. నీడ కాళ్ళ కింద నుంచి బయటికి రావడం లేదు. కాకి లేదు, తొండ లేదు. పల్లె వెనకపడగానే చప్పుడు అనేదే లేకుండా పోయింది, నా ఊపిరి నాకే పెద్దగా వినిపించింది. దూరంలో నేల మీద నీళ్ళు పారుతున్నట్టు కనిపించి, దగ్గరికి పోతే గరుసే. సమాధుల మధ్య అత్త లేదు. దాక్కోవడానికి అక్కడ ఒక చెట్టు కూడా లేదు. కంప సగానికి జరిపి ఉంది. మిగతా సగం మీద గోనెపట్టా పరిచి ఉంది.

అప్పుడు వినిపించింది. నేల కింద నుంచి కీర్తన. సన్నగా, గొంతు లోపలే తిప్పుకుంటూ, ఒకే చరణం మళ్ళీ మళ్ళీ. నా చంకలో నాలుగు రోజులుగా తల నిలపని బిడ్డ మెడ ఎత్తి అటువైపు చూసింది. ప్రభువా ప్రభువా అనుకుంటూ అంచు దాకా పోయి తొంగి చూశాను.

అత్త బొందలో పడమటి గోడకు ఆనుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో తెల్లగుడ్డ. చేతిలో సూది.

తలెత్తి నన్ను చూసి కసురుకుంది. "తలకు కొంగన్నా కప్పుకోకుండా వచ్చినావే! వడదెబ్బ తగిలితే బిడ్డకు పాలెవరిస్తారు?"

బొందలో కూర్చుని నాకు బుద్ధులు చెబుతోంది మహాతల్లి. "నువ్వు దీంట్లో ఏం చేస్తాండావు?" అన్నాను.

"కుడతాండా. కనబడల్యా?"

"బిడ్డను నూలుతో కొలిచినావే!"

"కొలవకుండా కుడితే చంకల కాడ పట్టేస్తాది."

గుడ్డ ఎత్తి చూపించింది. గౌను. మెడ చుట్టూ చిన్న కుచ్చిళ్ళు. ఆ తెల్లగుడ్డ నేను గుర్తుపట్టాను. ఆమె బాప్తిస్మం నాటి చీర. పెట్టె అడుగున దాచుకుని, నేను పోయినప్పుడు కట్టండి అని నాకు రెండుసార్లు చూపించింది. దాన్ని కత్తిరించేసింది. గౌను మాత్రం చాలా పెద్దది.

"ఇంత పెద్దదా? మెడలో నుంచి జారిపోతాది."

"ఇప్పటికి కాదమ్మీ. పై యేడు ఈస్టరు పండక్కి" అంది.

ఇంట్లో కుట్టుకోవచ్చు కదా అని అడిగితే నావైపు విసుగ్గా చూసింది. "జబ్బు బిడ్డకు కొత్తగుడ్డ కుడతాందని చూస్తే నలుగురూ ఏమంటారో నీకు తెల్దా? ఈడికైతే ఎవురూ రారు. నీడ గూడా ఉండాది." సూది ఆపి, గొంతు తగ్గించింది. "ఇంగోటి. ఇది ఖాళీగా ఉండాదనే గదా అందరి కండ్లూ నీ బిడ్డ మింద పడింది. నేను కూసోనుంటే ఖాళీ యాడుండాది?"

"అదంతా పిచ్చి నమ్మకమని పాస్టరుగారు చెప్పలేదా?"

"చెప్పినాడు. నిజమే. అయినా కూసుంటే ఏం పోయింది?"

నాకు నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపొచ్చింది. బిడ్డను అందించమని చేతులు చాపింది. ఇచ్చాను. తర్వాత నేనూ దిగాను. లోపల చల్లగా ఉంది. గరుసు గోడ వీపుకు తగిలితే కుండను ఆనుకున్నట్టుంది. బిడ్డ అత్త ఒళ్ళో రెండుసార్లు మూలిగి నిద్రపోయింది. మూడు వారాల్లో అది మూలగకుండా నిద్రపోవడం అదే మొదటిసారి. పొద్దు వాలేదాకా మేం కదలలేదు.

ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం ముగ్గురం అక్కడికే పోయేవాళ్ళం. పల్లె గగ్గోలెత్తింది. బతికుండగానే బిడ్డను బొందలో పెడతాందని నన్ను తిట్టనివాళ్ళు లేరు. ఎదురింటి వదిన మా గడప తొక్కడం మానేసింది. నేను లెక్కచేయలేదు. బిడ్డ రెండు గుటకలు ఎక్కువ పాలు తాగింది. ఒకరోజు అత్త చేతిలో దారం పట్టుకోబోయింది. ఒక్కటే నాకు అంతు చిక్కలేదు. వచ్చేటప్పుడు కంప మేమే లాగి కప్పేవాళ్ళం. మరునాడు పోయేసరికి అది జరిగి ఉండేది, మనిషి దిగడానికి సరిపడేంత. "నువ్వేనా అత్తా?" అని అడిగాను. "నేను గాదు" అంది. నేను మళ్ళీ అడగలేదు.

ఎనిమిదో రోజు పొద్దున, నేను పొయ్యి వెలిగిస్తుండగా బిడ్డ పోయింది. ఏడవలేదు, మూలగలేదు. అత్త ఒళ్ళోనే ఉంది. అత్త పిలిచిన తీరుతోనే నాకు తెలిసిపోయింది.

నేను ఏమేం అన్నానో అన్నీ ఇక్కడ రాయలేను. పై యేడు పై యేడు అని నా బిడ్డను బొందలో కూర్చోబెట్టి దానికి అలవాటు చేసినావు అన్నాను. నీ ప్రార్థన మట్టిలో కలిసిపోనీ అన్నాను. ఆమె అన్నీ వింది. మగవాళ్ళు వచ్చి గడప బయట నిలబడ్డారు. నేల ఇనుము లాగుంది, చిన్నబిడ్డకైనా కొత్తది తవ్వాలంటే సాయంత్రం దాకా పడుతుంది, ఏం చేద్దాం అని అడిగారు. అందరూ నా వైపు చూశారు.

"ఆ బొందలోనే పెట్టండి. ఆడ దానికి నిద్ర పడతాది" అన్నాను.

స్నానం పోశాక అత్త గౌను తెచ్చింది. చూడగానే నాకు మళ్ళీ కోపం కట్టలు తెంచుకుంది. చేతిలో నుంచి లాక్కున్నాను. "పై యేడు అంటివే! ఏదీ నీ పై యేడు?"

"పై యేడు కాకుంటే లేసే పొద్దుకి" అంది అత్త. "ఆ పొద్దుకి పొట్టి గాకూడదు గదమ్మీ."

చింపేద్దామనే అనుకున్నాను. రెండు చేతులా అంచు పట్టుకుని లాగబోయాను. అంచు లావుగా తగిలింది. తిప్పి చూశాను. లోపలికి నాలుగు వేళ్ళ మడత ఉంది. ఆడపిల్లల గౌనులకు మేం వదిలే మడతే, పిల్ల పెరిగేకొద్దీ విప్పి దించుకోవడానికి. పై యేటికని ఏడాది పెద్దగా కుట్టిన గౌనుకు, ఆ పై యేటికి కూడా మడత వదిలింది. దగ్గరి దగ్గరి కుట్లు కావు, సులువుగా విప్పుకునే పొడుగు కుట్లు. ఆ బొందలో కూర్చుని, గుక్క గుక్కగా ఊపిరి తీసుకుంటున్న బిడ్డను ఒళ్ళో పెట్టుకుని, ఈ మనిషి ఆ మడత కుట్టింది.

ఆ తర్వాత నేనామెను ఇంకేమీ అనలేకపోయాను. గౌను నేనే తొడిగాను. పాదాల కిందికి జానెడు దిగింది. మడవబోతే అత్త వద్దంది. అలాగే తీసుకుపోయారు.

పన్నెండు రోజులకు వాన పడింది. ఎవరికి కావాలి ఆ వాన అని అరుగు మీద కూర్చుని తిట్టాను. మగవాళ్ళు గడ్డపారలు తీసుకుని కొత్త బొంద తవ్వడానికి పోతుంటే అత్త కూడా పోయి, దగ్గరుండి తవ్వించుకొచ్చింది.

నాకు తర్వాత ఇద్దరు పుట్టారు, ఇద్దరూ దక్కారు. పాస్టరుగార్లు మారారు. విశ్వాసం గురించి, నిరీక్షణ గురించి ప్రతి ఒక్కరూ చక్కగానే చెప్పారు. నేను ముందు వరసలో కూర్చుని తల ఊపేదాన్ని. నిజం చెప్పాలంటే చాలా ఏళ్ళు నాకు ప్రార్థన నోట్లో నుంచే వచ్చేది, లోపలి నుంచి కాదు. నాకు తెలిసిన నిరీక్షణ ఆ నాలుగు వేళ్ళ మడత ఒక్కటే. అది సరిపోతుందో లేదో ఇప్పటికీ తెలియదు.

అరవైల మధ్యలో మళ్ళీ పెద్ద కరువు వచ్చింది. మళ్ళీ రెండేళ్ళుగా ఒక బొంద ఖాళీగా ఉండిపోయింది. అత్త మంచం పట్టింది. చిక్కి సగమైంది, మాట సన్నబడింది. ఆడవాళ్ళు వచ్చి గడపలో నిలబడి, ఆమెను చూసి, అటు సమాధుల వైపు చూడడం మొదలుపెట్టారు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

ఒక పొద్దున ఆమె నిద్రలో ఉండగా నూలుపోగుతో భుజాలు కొలిచాను. పెట్టెలో కొత్త తెల్లగుడ్డ ఉంటే ఆమెకు రవిక కుట్టడానికి తీశాను. అయితే ఆమె ఇప్పటి ఒంటికి కత్తిరించలేదు. మునుపటి మనిషికి కత్తిరించాను, పక్కల్లో రెండు వేళ్ళు మడత వదిలి. మళ్ళీ ఒళ్ళు చేస్తే విప్పుకోవాలి కదా. మధ్యాహ్నం గుడ్డ, సూది, దారం గంపలో పెట్టి, గోనెపట్టా చుట్టి, నెత్తిన పెట్టుకున్నాను.

నిద్రపోతోందనుకున్నాను. గడప దాటుతుంటే వెనక నుంచి పిలిచింది.

"యాడికి పోతాండావమ్మీ?"

"ప్రార్థనకి" అన్నాను.

నేను పట్టబోయే దారి వైపు చూసింది. గంప వైపు చూసింది. తర్వాత కళ్ళు మూసుకుని, ఇంటి పని చెప్పినట్టే చెప్పింది.

"తలాపు పక్క కూసో. నీడ ఆడనుంచే మొదలయితాది."